మొదటి ప్రతి లేని ప్రార్థన

తాల్ముద్‌లో, బెరఖోత్ అనే భాగంలో, ఓ చిన్న కథ ఉంది. క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేం గుడిని కూల్చేశాక యూదు పండితులు యవ్నే అనే ఊళ్లో కూడారు. గుడి లేదు, బలులు లేవు. దేవుడికి ఇచ్చుకోవడానికి మాటలే మిగిలాయి. రోజూ నిలబడి చెప్పుకునే పద్దెనిమిది ఆశీస్సుల ప్రార్థనకు అక్కడే ఒక వరస కుదిరింది. మతం తప్పినవాళ్లకు వ్యతిరేకంగా అందులో ఇంకో ఖండిక ఉండాలని పెద్దాయన రబ్బాన్ గమలియేల్ అనుకున్నాడు. ఎవరైనా కట్టగలరా అని సభను అడిగాడు. షమూయేల్ హకటాన్, అంటే చిన్న షమూయేల్, లేచి కట్టాడు. మరుసటి ఏడాది అదే చిన్న షమూయేల్ అందరి తరఫునా ప్రార్థన చెప్పడానికి ముందు నిలబడ్డాడు. తను కట్టిన ఖండిక దగ్గరికొచ్చేసరికి మాటలు గుర్తుకు రాలేదు. రెండు మూడు గంటలు అలాగే గుర్తుచేసుకుంటూ ఉండిపోయాడట.

ఆ ఖండికలో తప్పు పోయినవాణ్ణి పక్కకు తప్పించాలని నియమం. మనసులో ఏదో తేడా ఉండబట్టే నోరు రాలేదేమోనని అనుమానం. ఇతన్ని మాత్రం తప్పించలేదు. ఎందుకు తప్పించలేదని తాల్ముదే అడుగుతుంది. కట్టింది అతనే కదా అని తనే జవాబు చెప్పుకుంటుంది.

నాకు ఈ కథలో మతిమరుపు కంటే వింతగా తోచింది ఇంకొకటి. అన్ని గంటలసేపు అంతమంది పండితుల్లో ఒక్కరూ అందించలేదా? ఎవరూ ఓ కాగితం తీయలేదా?

కాగితం సంగతి తేలిగ్గానే తెలుస్తుంది. ఆ కాలంలో ప్రార్థనలు రాసిపెట్టుకోవడం మంచిపని కాదు. ఆశీస్సులు రాసిపెట్టేవాళ్లు ధర్మగ్రంథాన్ని తగలబెట్టినవాళ్లతో సమానం అనే అర్థంలో రబ్బీల మాట ఒకటి తోసెఫ్తా అనే సంకలనంలో ఉంది. మిగిలిన సగం ప్రశ్నకు నాకు దొరికిన మంచి జవాబు యోసెఫ్ హైనెమన్ అనే ఆయనది.

హైనెమన్ 1915లో మ్యూనిక్‌లో పుట్టాడు. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా పనిచేసి 1978లో పోయాడు. తాల్ముద్ కాలపు ప్రార్థనల మీద ఆయన పుస్తకం హీబ్రూలో 1964లో వచ్చింది. రిచర్డ్ సారసన్ ఇంగ్లిష్ అనువాదం ‘ప్రేయర్ ఇన్ ది తాల్ముద్’ పేరుతో 1977లో వచ్చింది. రబ్బీల కథలు, ప్రసంగాలు ఎలా పుట్టి ఎలా మారాయన్న దానిమీద కూడా ఆయన ఇంతే పని చేశాడు. అందుకేనేమో, ప్రార్థనను కూడా శాసనంలా కాకుండా నోట్లో తిరిగే కథలా చూడగలిగాడు.

ఆయనకు ముందు వందేళ్లుగా పండితులు చేసిన పని వేరు. 1832లో లియోపోల్డ్ జుంజ్ ఆ పద్దెనిమిది ఆశీస్సులను పొరలు పొరలుగా విప్పి, ఏ పొర ఏ కాలానిదో తేల్చడానికి పూనుకున్నాడు. 1925లో లూయీ ఫింకెల్‌స్టైన్ దొరికిన పాఠాలన్నీ పక్కపక్కన పెట్టి, తర్వాత చేరినవి అనిపించినవన్నీ తీసేసి, ఇదిగో మూలం అని ఓ పాఠాన్ని కట్టి చూపించాడు. ఇద్దరి నమ్మకమూ ఒకటే. ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు, మొదట ఒక ప్రతి చెప్పి ఉంటారు. మిగిలినవన్నీ దానికి పట్టిన తుప్పు.

మధ్యలో కైరో నుంచి పెద్ద పెట్టెలు వచ్చాయి. దేవుడి పేరున్న కాగితాన్ని పారెయ్యకూడదు కాబట్టి కైరోలోని బెన్ ఎజ్రా సినగాగ్‌వాళ్లు పాత కాగితాలన్నీ ఓ గదిలో పడేస్తూ వచ్చారు. దాన్నే గెనీజా అంటారు. 1896 చివర సోలమన్ షెక్టర్ కైరో వెళ్లి వాటిలో చాలావరకు కేంబ్రిడ్జికి తెచ్చాడు. అక్కడ ఇప్పుడు దాదాపు 1,93,000 ముక్కలున్నాయి. అందులో దొరికిన పాలస్తీనా పద్ధతి ప్రార్థనను 1898లో ఆయన అచ్చు వేశాడు. అందరూ బాబిలోన్ పద్ధతిలో చెప్పుకునే మాటలకూ దానికీ చాలాచోట్ల పొంతన లేదు. బాబిలోన్ వాళ్లకు ఆశీస్సులు పంతొమ్మిది, పేరు మాత్రం ‘పద్దెనిమిది’. పాలస్తీనా వాళ్లకు జెరూసలేం గురించి, దావీదు వంశం గురించి కలిపి ఒకటే ఆశీస్సు, కాబట్టి నిజంగానే పద్దెనిమిది.

ఇన్ని పాఠాల్లో మూలం ఏది? హైనెమన్ ఆ ప్రశ్ననే పక్కన పెట్టాడు. మూలం పోలేదు, అసలు ఉండి ఉండదు అన్నాడు. ప్రార్థనలు సభలో ఎవరో రాసి ఊళ్లకు పంపినవి కావు. ఊళ్లలోనే, మామూలు జనం నోట్లో, ఒకేసారి అనేక రూపాల్లో పుట్టాయి. పండితులు తర్వాత వచ్చి ఎన్ని ఆశీస్సులు, ఏ వరసలో, దేని గురించి అన్నది స్థిరపరిచారు. మాటలు స్థిరపడటానికి ఇంకా చాలా కాలం పట్టింది. అలా చూస్తే చిన్న షమూయేల్‌కు ఎవరూ ఎందుకు అందించలేదో కొంత అర్థమవుతుంది. అందించడానికి అందరికీ తెలిసిన ఒకే పాఠం లేదు.

ఇదంతా నాకెందుకు పట్టిందో చెప్పాలి. పగలు నేను చేసేది కోడు రాయడం. రెండు ఫైళ్ల మధ్య తేడా చూపించే పనిముట్టును రోజుకు ఏ పదిసార్లో వాడతాను. అదే పనిముట్టుతో కొన్నాళ్లుగా ఇంట్లో బతుకమ్మ పాటలు కూడా చూస్తున్నాను. మా అమ్మది కోరుట్ల. పెద్దమ్మను జగిత్యాలకిచ్చారు. మేనత్త సిరిసిల్లలో ఉంటుంది. ముగ్గురి దగ్గరా పాటలు రికార్డు చేసి, టైపు చేసి, మూడు నిలువు వరుసల్లో పెట్టాను. అందులో ఒక పాట, పండక్కి చెల్లెల్ని పుట్టింటికి తీసుకెళ్లడానికి అన్న వచ్చే పాట, అస్సలు మాట వినదు.

కథ మూడింట్లోనూ ఒకటే. అన్న వస్తాడు. చెల్లె వెళ్లి అత్తను అడుగుతుంది, అత్త మామను అడగమంటుంది, మామ బావను, బావ ఇంకొకర్ని. చివరికి సెలవు దొరుకుతుంది. అమ్మ పాటలో అన్న వాగు దాటి వస్తాడు. పెద్దమ్మ పాటలో చెరువుకట్ట మీద నుంచి వస్తాడు. మేనత్త పాటలో ఎటు నుంచి వచ్చాడో లేదు గానీ, మగ్గం మీదున్న చీర దిగేదాకా కోడల్ని పంపనని అత్త మొండికేస్తుంది. సాంచాల చప్పుడు మధ్య పెరిగిన ఊళ్లో అత్త ఇంకేం అంటుంది!

మేనత్త సంగతి సరే, వేరే ఊరు, వేరే ఇల్లు. అమ్మకూ పెద్దమ్మకూ నేర్పింది మాత్రం ఒక్కతే, మా అమ్మమ్మ. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ పాడేదట. ఒకరోజు ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇద్దర్నీ అడిగాను.

“అమ్మ వాగనే పాడేది. నాకు మంచిగ యాదికున్నది అక్కా,” అంది అమ్మ.

“నీకేం యాదికుంటదే చెల్లె, నువ్వప్పుడు గింతంత ఉంటివి. చెరువుకట్టనే. నేను అమ్మ పక్కపొంటి కూసోని పాడిన.”

“నీ అత్తగారింటికి పోయినంక మార్చుకున్నవేమో నువ్వు.”

అవతలి వైపు కాసేపు మాట లేదు. అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ నోట ఏది వచ్చిందన్నది ఇప్పుడు పాట గురించిన తగువు మాత్రమే కాదు. ఆవిడ ఎవరి దగ్గర ఎక్కువ ఉందన్న తగువు కూడా.

తీర్పు చెప్పగలిగింది ఒకటే. పోకముందు మా మామయ్య ఫోన్లో ఆవిడ పాడిన రెండు ముక్కలు. నెల తేడాతో తీసినవి. మొదటి దాంట్లో వాగు. రెండోదాంట్లో వాగూ లేదు, చెరువూ లేదు, అన్న నేరుగా వాకిట్లో నిలబడి ఉంటాడు. మధ్యలో ఓచోట ఆగి, నవ్వి, “ఏమో బిడ్డా, నోటికొచ్చింది అన్న,” అంటుంది.

ఈ రెండు ముక్కలూ విన్నాక హైనెమన్‌ను మళ్లీ తీశాను. మొదటిసారి చదివినప్పుడు పట్టించుకోని ఒక సంగతి ఈసారి కనిపించింది. ప్రార్థనలో అన్నీ ఒకేసారి గట్టిపడలేదు. ప్రతి ఆశీస్సు చివర వచ్చే ముగింపు వాక్యం ముందు గట్టిపడింది. లోపలి మాటలు చాలాకాలం వదులుగా ఉన్నాయి. చెప్పేవాడు లోపల తనకు తోచినట్టు అల్లుకోవచ్చు, గట్టుకు చేరేటప్పుడు మాత్రం అందరికీ తెలిసిన చోటే చేరాలి. అప్పుడే వినేవాళ్లు ‘ఆమేన్’ అనగలరు. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు జరిగేది ఇదే కదా. ముందు పాడే ఆమె లోపల ఏమైనా చెప్పొచ్చు. చరణం చివర వచ్చే పల్లవి మాట మాత్రం మారడానికి లేదు, అది మారితే చప్పట్లు తప్పుతాయి. నా ఫైల్లో మూడు వరుసల్లోనూ అక్షరం తేడా లేకుండా ఉన్నవి ఆ పల్లవి, అడిగే వరస. మిగతాదంతా ఊరిదే, పాడే మనిషిదే.

హైనెమన్ ఇంకో పని కూడా చేశాడు. ప్రార్థన మాట తీరు చూసి అది ఎక్కడ పుట్టిందో పట్టుకున్నాడు. చనిపోయినవాళ్ల కోసం చెప్పే కద్దిష్‌లో చావు మాటే ఉండదు. దేవుణ్ణి ‘నువ్వు’ అని పిలవదు, ఆయన గురించి ఎవరికో చెబుతున్నట్టు ఉంటుంది. ఎక్కువ భాగం హీబ్రూ కాదు, జనం మాట్లాడుకునే అరమాయిక్. కాబట్టి అది మొదట సినగాగ్ ప్రార్థన కాదు, బడిలో ప్రసంగం అయ్యాక చెప్పే ముగింపు మాట అంటాడు. ఇంకొన్ని ప్రార్థనలది కోర్టు తీరు. ముందు సంబోధన, తర్వాత వాదన, చివర కోరిక. భక్తుడు దేవుడి ముందు మోకరిల్లడు, కేసు వేస్తాడు. గోల్కొండ జైల్లోంచి రాముడికి నగల ఖర్చు లెక్క అప్పజెప్పిన రామదాసు మనకున్నాడు కాబట్టి ఈ అధ్యాయం చదవడానికి తెలుగువాళ్లకు ఏ పీఠికా అక్కర్లేదు.

అయితే హైనెమన్ మాటే చివరి మాట అనుకోవడానికి లేదు. అదే హీబ్రూ విశ్వవిద్యాలయంలో ఎజ్రా ఫ్లైషర్ ఉన్నాడు. రొమేనియాలో పుట్టి, కమ్యూనిస్టు ప్రభుత్వపు జైల్లో ఉండి, అక్కడి నుంచి రహస్యంగా బయటికి పంపిన హీబ్రూ కవితకు 1959లో మారుపేరు మీద ఇజ్రాయెల్ ప్రైజ్ అందుకున్న కవి. తర్వాత గెనీజా కవిత్వానికి పెద్ద పండితుడయ్యాడు. 1990లో ఆయన హైనెమన్ వాదాన్ని సూటిగా ఎదిరించాడు. ఆయన లెక్కలో ఆ ప్రార్థన జనం నోట్లో దానంతట అది పెరగలేదు. గుడి పోయిన తర్వాత యవ్నేలో కూర్చుని, తెలిసి తెలిసి, మాటలతో సహా కట్టి జనానికి ఇచ్చారు. తేడాలన్నీ తర్వాత వచ్చినవి. ఏమీ లేని చోట ఒక జాతిని నిలబెట్టాలంటే ఎవరో ఒకరు కూర్చుని రాయాల్సిందే అన్నది ఆయన లోతైన నమ్మకం అనిపిస్తుంది నాకు. జైల్లో కవిత రాసినవాడు మాటల్ని గాలికి వదిలెయ్యడు.

ఫ్లైషర్ పక్షాన మన దగ్గర గట్టి సాక్ష్యం ఉంది, అది కూడా జగిత్యాల జిల్లాలోనే. గోదావరి ఒడ్డున ధర్మపురిలో వేదం చెప్పుకుంటూ వచ్చిన కుటుంబాలున్నాయి. ఘనపాఠంలో మూడు పదాల్ని ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు అని ముందుకూ వెనక్కూ తిప్పి చెబుతారు. ఒక్క అక్షరం జారినా అక్కడే దొరికిపోతుంది. మేము డేటా పంపేటప్పుడు తప్పులు పట్టడానికి చివర ఒక అంకె కలుపుతాం. వీళ్లు మొత్తం పాఠాన్నే కాపలాదారు చేశారు. ఇదీ నోటి సంప్రదాయమే. రాత లేకుండా అక్షరం కదలకుండా నిలిచింది. కాబట్టి ‘నోట్లో ఉన్నది మారుతూనే ఉంటుంది’ అని సులువుగా అనేయడం కుదరదు. మారకుండా ఉంచడానికి ఎవరైనా పూనుకున్నారా, దానికోసం ఎవరిని కూర్చోబెట్టారు, ఎవరిని దూరం పెట్టారు అన్నవి అసలు ప్రశ్నలు. ఘనపాఠం కొద్దిమంది మగవాళ్లకు ఏళ్ల తరబడి శిక్షణ. మా అమ్మమ్మ పాటకు శిక్షణా లేదు, కాపలా లేదు, ఎవరైనా వచ్చి చప్పట్లలో కలవచ్చు.

ఈ రెండు దారులూ ఒక్క ఊళ్లోనే చూడాలంటే హనుమాజీపేట వెళ్లాలి. సిరిసిల్ల జిల్లాలో, వేములవాడకు దగ్గర. సినారె 1931లో పుట్టిన ఊరు. ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములుదీ ఆ ఊరే. ఒకరి మాటలు పుస్తకాల్లోనూ రికార్డుల్లోనూ అక్షరం మారకుండా ఉన్నాయి. ఇంకొకరి విద్యలో కథ ఆ రాత్రి, ఆ వాకిట్లో, ఆ వంతపాడేవాళ్లతో పుట్టాల్సిందే. మల్లన్న కథ తెలిసిన జనం ముందే మల్లన్న కథ చెప్పాలి, అయినా తెల్లవారేదాకా కూర్చోబెట్టాలి. ఒకరికి జ్ఞానపీఠం వచ్చింది. ఇంకొకరి మాటల్లో కాగితం మీదికి ఎక్కింది ఎంత? మనం దాచుకోవడం నేర్చుకున్నది మారనివాటినే అనిపిస్తుంది. మారేవాటికి ఏ అర కొలతలూ సరిపోవు.

మారే హక్కు అందరికీ సమానంగా ఉండదన్నది నాకు తట్టింది మాత్రం తెలుగు యూదుల గురించి చదివినప్పుడు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. మాదిగ కులం నుంచి క్రైస్తవంలోకి వెళ్లిన కుటుంబాలు. తాము ఇజ్రాయెల్ తప్పిపోయిన గోత్రాల్లో ఎఫ్రాయిము వారమని 1980ల చివర, 1990ల మొదట బయటికి చెప్పి యూదు ఆచారాలు పట్టారు. వాళ్ల మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి రాసిన ‘ది జ్యూస్ ఆఫ్ ఆంధ్ర ప్రదేశ్’ 2013లో వచ్చింది. కులం, గుర్తింపు గురించిన పుస్తకం అది, ప్రార్థన పాఠాల గురించి కాదు. కానీ హైనెమన్‌ను పక్కన పెట్టుకుని చదివితే ఒక ప్రశ్న లేస్తుంది. యెమెన్ యూదుడు ఒక మాట వేరుగా చెబితే దాన్ని ‘మిన్హాగ్’ అంటారు, అంటే వాళ్ల ఊరి ఆచారం. కొచ్చిన్ యూదుడు వేరుగా చెప్పినా అంతే. కొత్తరెడ్డిపాలెంలో ఒకరు వేరుగా చెబితే? అది ఆచారం అవుతుందా, తప్పవుతుందా? చిన్న షమూయేల్‌ను తప్పించలేదు, ఎందుకంటే అతను ఎవరో అందరికీ తెలుసు. నువ్వు ఎవరివో ఇంకా రుజువు చేసుకోవాల్సి ఉన్నప్పుడు, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప దారి ఉండదు.

ఇది యూదుల సంగతి మాత్రమే కాదు. వేములవాడలో సద్దుల బతుకమ్మ ఏడో రోజునే చేస్తారు, మిగతాచోట్ల తొమ్మిదో రోజు. వేములవాడ రాజన్న ఊరు కాబట్టి దాన్ని సంప్రదాయం అంటాం. బీడీలు చుట్టే మా అమ్మమ్మ పాటలో మాట మారితే ‘మర్చిపోయింది పాపం’ అంటాం. ఏది పాఠాంతరం, ఏది మతిమరుపు అన్నది పాటను చూసి తేల్చడం లేదు. పాడే మనిషిని చూసి తేలుస్తున్నాం. ముందు ఆ మనిషిని నమ్మి మొదలుపెట్టడంలోనే హైనెమన్ పుస్తకం విలువంతా ఉందని నాకనిపిస్తుంది. పేరు లేని జనం నోట్లో వేర్వేరుగా ఉన్నదాన్ని ఆయన పాడైపోయిన ప్రతిగా చూడలేదు.

పోయిన బతుకమ్మకు డాలస్‌లో ఉన్న మా చిన్నమ్మ కూతురు మెసేజ్ పెట్టింది. “అన్నా, ఆ అన్నాచెల్లెల పాట ఫైనల్ వర్షన్ పంపవా. ఇక్కడ నలభై మందిమి ఆడుతున్నం, ఎవ్వరికీ మొత్తం రాదు. ప్రింట్ తీసి ఇస్త.”

మూడు వరుసల ఫైలు పంపితే ఆమెకు పనికిరాదు. నలభై మంది ఒకేసారి నోరు తెరవాలంటే ఒక కాగితం కావాలి. తొమ్మిదో శతాబ్దంలో స్పెయిన్‌లోని యూదులకు వచ్చిన అవసరమూ ఇదే. ఏడాది పొడుగునా చెప్పాల్సిన ప్రార్థనల వరస రాసి పంపమని బాబిలోన్‌లోని సూరా విద్యాపీఠానికి కబురు పెట్టారు. అక్కడి పెద్ద రవ్ అమ్రామ్ రాసి పంపాడు. యూదుల మొదటి ప్రార్థన పుస్తకంగా మనకు తెలిసింది అదే. ఒకప్పుడు రాయడమే పాపమన్న చోట, దూరం పెరిగేసరికి రాయక తప్పలేదు. తమాషా ఏమిటంటే అమ్రామ్ అసలేం రాశాడో ఇప్పుడు ఖచ్చితంగా చెప్పలేం. నకలు రాసుకున్న ప్రతివాడూ తన ఊళ్లో చెప్పుకునే మాటలకు తగ్గట్టు సర్దుకుంటూ పోయాడు.

చెల్లెకు అమ్మ పాడే పాఠం పంపాను, వాగుతో. కింద రెండు వాక్యాలు రాశాను, జగిత్యాలలో చెరువుకట్ట అంటారని, సిరిసిల్లలో మగ్గం మీది చీర ఉందని. పెద్దమ్మకు కూడా అదే కాగితం పంపాను. ఆవిడ చదివి, “కింద చిన్న అక్షరాలల్ల ఏసినవ్ మా ఊరును,” అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కాగితం మీద పైన ఒకటే పడుతుంది.

పండగయ్యాక చెల్లె ఫొటోలు పంపింది. ఒక ఫొటోలో ఎవరి చేతిలోనో మా కాగితం ఉంది. పెద్దది చేసి చూశాను. ‘వాగు’ మీద నీలం పెన్నుతో గీత, పక్కన ‘గోదారి’ అని రాసి ఉంది. ఎవరని అడిగితే, ఆ ఆంటీది మంచిర్యాల అన్నా, వాళ్ల అమ్మ అట్లనే పాడేదట అంది. ఫైల్లో నాలుగో వరుస తెరిచాను.